పదమూడో షెడ్యూల్‌లో ఒక్క మాట: బిల్లు చదివే టైమ్ లేకపోతే నష్టం ఎవరికి?

కాజీపేట_జంక్షన్ | ఆదివారం, రాత్రి 8:40

మా నాయిన రైల్వేల పని చేసిండు, డీజిల్ షెడ్డుల. చిన్నప్పటి సంది మా ఇంట్ల ఒకటే ముచ్చట, కోచ్ ఫ్యాక్టరీ. మనకు రావాల్సింది కపుర్తలకు పోయిందని బాధ పడుకుంట పెరిగినం. 2014ల రాష్ట్రం వచ్చినప్పుడు "ఇగ మన ఫ్యాక్టరీ చట్టంలనే రాసిండ్రు, ఎవ్వడు ఆపుతడు" అనుకున్నం.

పోయిన వారం రాష్ట్రాన్ని విడగొట్టిన పునర్విభజన చట్టం మొదటి నుంచి చివరి దాక చదివిన. ఇంగ్లీషు కష్టమైతది, పక్కన నిఘంటువు పెట్టుకున్న. చివర్ల ఉండే జాబితాలల్ల ఒకటైన పదమూడో షెడ్యూల్ దగ్గర ఆగిపోయిన. రైల్వే శాఖ ఆరు నెలల లోపల తెలంగాణల కోచ్ ఫ్యాక్టరీ పెట్టే సాధ్యాసాధ్యాలను "పరిశీలించాలె", తొందరగ నిర్ణయం తీసుకోవాలె. గంతే ఉన్నది. "పెట్టాలె" అని లేదు. బయ్యారం ఉక్కు అని మనం అనుకునేది గూడ గట్లనే ఉన్నది. ఖమ్మం జిల్లాల ఉక్కు కర్మాగారం సాధ్యమైతదో లేదో సెయిల్ (కేంద్రం ఉక్కు కంపెనీ) పరిశీలించాలె, ఆరు నెలలల్ల.

పరిశీలించి "కాదు" అన్నా చట్టం ప్రకారం తప్పు కాదు గదా? మరి ఇన్నేండ్లు మేము దేని మీద ధర్నాలు చేసినం?

తారీఖులు చూసిన. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభల బిల్లు పెట్టిండ్రు, ఆ రోజే మిరియాల స్ప్రే కొట్టిండ్రు. 18న తలుపులు మూసి పాస్ చేసిండ్రు, టీవీల ప్రసారం గూడ ఆగింది. 20న రాజ్యసభ. అంటే వారం. ఆ రాత్రి కాజీపేట చౌరస్తాల పటాకులు కాల్చినోళ్లల్ల నేను గూడ ఉన్న. ఆ సంతోషం తప్పని అంటలేను. కానీ ఆ వారంల పదమూడో షెడ్యూల్ ఒక్కొక్క లైను చదివి, "పరిశీలించాలె" అన్న మాట కొట్టేసి "పెట్టాలె" అని రాయించే టైమ్ ఎవరికన్న దొరికిందా? దీని మీద మీరందరు ఏమంటరో వినాలని ఉన్నది.

నక్కలగుట్ట | ఆదివారం, రాత్రి 9:05

అన్నా, నాకు ఈ పోస్టు చదివి బాధ అనిపించింది. ఇప్పుడు వెనక్కి తిరిగి ఆ బిల్లు హడావుడిగా పాసైందంటే, అప్పుడు వ్యతిరేకించిన వాళ్ల వాదనకు మనమే బలం ఇచ్చినట్టు. 1969 నుంచి ఎదురుచూశాం. 2009 డిసెంబర్ 9 ప్రకటన వచ్చింది, ఆ తర్వాత వెనక్కి తగ్గారు. 2010లో శ్రీకృష్ణ కమిటీ వేశారు, ఏడాది తిరిగారు. 2013లో మంత్రుల బృందం కూర్చుంది. ముసాయిదా రాష్ట్ర అసెంబ్లీకి వెళ్లింది, అక్కడ వారాల తరబడి నడిచి చివరికి తిరస్కరించారు. ఇంకా ఎంత చర్చ కావాలి? ఆ ఫిబ్రవరిలో ఇంకో పదిహేను రోజులు ఆగి ఉంటే ఎన్నికల నోటిఫికేషన్ వచ్చేది. రాష్ట్రమే వచ్చేది కాదు.

కాజీపేట_జంక్షన్ | ఆదివారం, రాత్రి 9:12

బిల్లు ఆపాలె అని నేను అనలే. ఆ వారం రాకపోతే ఏమయ్యేదో నాకూ తెలుసు.

సుబేదారి_వకీలు | ఆదివారం, రాత్రి 9:50

ఇద్దరూ చెప్పేది నిజమే, ఎందుకంటే ఇద్దరూ మాట్లాడేది వేర్వేరు వాటి గురించి. తెలంగాణ ఇవ్వాలా వద్దా అనే విషయం మీద నలభై ఏళ్ల చర్చ జరిగింది. బిల్లులోని వాక్యాల మీద మాత్రం పార్లమెంటులో చర్చ దాదాపు జరగలేదు. విషయం ఎంత పాతదైనా వాక్యం కొత్తదే. కోర్టులో మేము చదివేది వాక్యాన్నే. ఉద్యమం ఎంత గొప్పదో న్యాయమూర్తికి చెప్పలేం, సెక్షన్‌లో ఏముందో చెప్పాలి.

ఇదే చట్టంలో ఇంకో ఉదాహరణ ఇస్తాను. పదో షెడ్యూల్‌లో శిక్షణ సంస్థలు, మండళ్లు, అకాడమీల పేర్లు రాశారు. విడిపోయాక ఆ సంస్థలు రెండో రాష్ట్రానికి కూడా సేవలు అందించాలని సెక్షన్ 75 చెప్తుంది. వాటి ఆస్తులు, బ్యాంకులో డబ్బు ఎలా పంచుకోవాలో మాత్రం అక్కడ స్పష్టంగా లేదు. ఉన్నత విద్యామండలి ఖాతాల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2016 మార్చిలో తీర్పు వచ్చేదాకా తేలలేదు. బిల్లులను వివరంగా పరిశీలించే ఎంపీల స్టాండింగ్ కమిటీలో ఒక్క సభ్యుడు "మరి డబ్బు ఎవరిది?" అని అడిగి ఉంటే ఒక ఉపసెక్షన్‌తో పోయేది.

తొందరపడ్డ చట్టంలోని ఖాళీలు ఢిల్లీలో కనపడవు. మూడేళ్లకో ఐదేళ్లకో మా దగ్గరికి ఫైలై వస్తాయి. 2021 ఆగస్టు 15న అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు కూడా దీని గురించే బాధపడ్డారు. సభల్లో సరైన చర్చ లేక చట్టాల్లో అస్పష్టత మిగిలిపోతోందని, దానివల్ల వ్యాజ్యాలు పెరుగుతున్నాయని అన్నారు.

ములుగు_అక్క | ఆదివారం, రాత్రి 10:20

కాజీపేట తమ్ముడూ, నువ్వు చెప్పిన ఆ షెడ్యూల్‌లోనే మా గిరిజన విశ్వవిద్యాలయం కూడా ఉంది. దానికి "పరిశీలించాలి" అని లేదు, ఏర్పాటు చేయాలనే ఉంది. అయినా సమ్మక్క సారక్క పేరుతో ఆ బిల్లు పార్లమెంటులో పాసయ్యేసరికి 2023 డిసెంబర్ వచ్చింది. తొమ్మిదేళ్లు దాటింది. మా బడిలో 2014లో పదో తరగతి చదివిన పిల్లలు అప్పటికి డిగ్రీ, పీజీ కూడా అయిపోయి ఉద్యోగాలకు తిరుగుతున్నారు. కాబట్టి మాట గట్టిగా ఉంటే పని అయిపోతుందని కూడా నేను అనుకోవడం లేదు.

కాజీపేట_జంక్షన్ | ఆదివారం, రాత్రి 10:31

నిజమే అక్కా. కానీ మీ దాంట్ల ఆలస్యం చేయగలిగిండ్రు గాని "అవసరం లేదు" అని ఫైలు మూసే వీలు లేకపాయె. మా దాంట్ల ఆ వీలు చట్టంలనే ఉన్నది. 2023 జులై 8న ప్రధాని వరంగల్ వచ్చి కాజీపేటల రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేసిండ్రు, మంచిదే. కానీ అది వేరే నిర్ణయం, చట్టంల మాటతోని వచ్చింది కాదు. నా బాధ గదే.

ఎనుమాముల_గుమాస్తా | సోమవారం, ఉదయం 6:15

యార్డుకు పోయే ముందు రాస్తున్న. ఇరవై రెండేండ్లుగ మార్కెట్ల గుమాస్తా పని చేస్తున్న. పంటను యార్డు బయట గూడ అమ్ముకోవచ్చన్న రైతు చట్టాలప్పుడు మా దగ్గర జరిగింది చెప్త.

2020 జూన్ 5న ఆర్డినెన్సులు వచ్చినయి. కరోనా, బయటికి పోయే పరిస్థితి లేదు. సెప్టెంబర్ 17న లోక్‌సభ, 20న రాజ్యసభ, 27న రాష్ట్రపతి సంతకం. ఏ కమిటీకీ పోలేదు. రాజ్యసభల లెక్కపెట్టి ఓటింగ్ పెట్టమని ప్రతిపక్షం అడిగితే, సభ్యులు తమ సీట్లల్ల లేరని చెప్పి మూజువాణితోనే కానిచ్చిండ్రు.

ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్న తగాదా నేను పెట్టుకోను. ఒక్క సంగతి అడుగుత. యార్డు బయట కొనాలంటే వ్యాపారికి పాన్ కార్డు ఉంటే చాలని రాసిండ్రు. యార్డు లోపల లైసెన్సు కావాలె, ఎవరు ఎవరికి ఎంత బాకీ అని తక్‌పట్టీ ఉంటది, తేడా వస్తే మార్కెట్ కమిటీ ముందు కూసుంటరు. ఇయన్నీ ఉన్నా గూడ ఐపీ (దివాలా) పెట్టి పోయినోళ్లను నేను చూసిన. పత్తి కొన్నడు, మిర్చి కొన్నడు, ఒకనాడు పొద్దున దుకాణం తాళం. నాకు తెలిసిన రైతు ఒకాయన నాలుగేండ్లు తిరిగిండు, సగం పైసలు గూడ రాలే. మరి పాన్ కార్డు ఒక్కటే ఉన్న మనిషి పారిపోతే ఏంది గతి?

చట్టంల మూడు పనిదినాల లోపల పైసలు ఇయ్యాలె అన్నరు. ఇయ్యకపోతే సివిల్ కోర్టుకు పోయే దారి మూసిండ్రు, ఆర్డీఓ దగ్గరికి పోవాలె అన్నరు. పంట కొనుగోలు టైంల ఆర్డీఓ ఆఫీసు ఎట్ల ఉంటదో ఈడ అందరికీ తెలుసు. ఒక కమిటీ వచ్చి మా హమాలీని పిలిచి అడిగినా, అడ్తిదారును అడిగినా, ఒక్క రైతును అడిగినా ఈ ముచ్చట బయటికి వచ్చేది. జమానతు ఏమన్న పెట్టాల్నా, కోర్టు దారి తెరిచి పెట్టాల్నా అని ఆలోచించెటోళ్లు.

అడగలే. తర్వాత ఏమైంది? ఢిల్లీ సరిహద్దుల్ల ఏడాది పైన రైతులు కూసున్నరు. 2021 జనవరిల సుప్రీంకోర్టు ఆపింది. నవంబర్ 29న రద్దు బిల్లు పెట్టిండ్రు, అదే రోజు రెండు సభలల్ల చర్చ లేకుండ పాస్ చేసిండ్రు. పెట్టేటప్పుడు ఎందుకు పెట్టిండ్రో చర్చ లేదు, తీసేటప్పుడు ఎందుకు తీసిండ్రో చర్చ లేదు.

పరకాల_పత్తి | సోమవారం, ఉదయం 7:02

అన్న చెప్పింది అక్షరాల నిజం. నేను ఒకప్పుడు ఆ చట్టాలకు అనుకూలంగా ఉన్నోణ్ణే. బయట ఎక్కువ రేటు ఇస్తే అమ్ముకుంటే తప్పేందని. ఇప్పటికీ ఆ ఆలోచన తప్పనిపించదు. కమిటీకి పోయి ఉంటే బహుశా మంచిగ సరిదిద్దుకొని నిలబడేదేమో. తొందరతోని మంచి భాగం గూడ పోయింది.

నక్కలగుట్ట | సోమవారం, మధ్యాహ్నం 1:30

లంచ్ టైమ్‌లో రాస్తున్నాను. నా వాదన కూడా పూర్తిగా వినండి.

ప్రతిపక్షం సభ జరగనివ్వదు. వెల్‌లోకి వస్తారు, కాగితాలు చింపుతారు, వాకౌట్ చేస్తారు. తర్వాత చర్చ జరగలేదంటారు. ఏ పార్టీ ప్రతిపక్షంలో ఉన్నా ఇదే చేసింది. ప్రభుత్వం ఎన్ని రోజులు ఆగాలి?

రెండోది, కొన్నిటికి వేగం కావాలి. 2025 ఆగస్టు 20న ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు లోక్‌సభలో పెట్టి అదే రోజు పాస్ చేశారు. 21న రాజ్యసభ, 22న సంతకం. డబ్బు పెట్టి ఆడే ఆటలన్నీ బంద్. మా బ్రాంచిలో పర్సనల్ లోన్ తీసుకున్న ఒక కుర్రాడు, ఇంజినీరింగ్ చదివినవాడు, రమ్మీలో మొత్తం పోగొట్టుకున్నాడు. వాళ్లమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టి కిస్తీలు కట్టింది. ఆమె నా ఎదురుగా కూర్చుని ఏడ్చింది. ఆ చట్టం ఆరు నెలలు కమిటీలో నానాలని ఆమెకు చెప్పగలమా?

సుబేదారి_వకీలు | సోమవారం, మధ్యాహ్నం 2:10

ఆమెకు చెప్పలేం, ఒప్పుకుంటాను. అయితే ఒక విషయం గుర్తు చేస్తాను. మన రాష్ట్రంలో 2017లోనే ఆర్డినెన్సు తెచ్చి, గేమింగ్ చట్టం సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు. అంటే దేశం మొత్తానికి ఆలోచించుకోవడానికి ఎనిమిదేళ్లు దొరికాయి. ఆ ఎనిమిదేళ్లలో మన అనుభవం ఏమిటి, నిషేధం తర్వాత కుర్రాళ్లు ఎలా ఆడారు, ఫోన్లో లొకేషన్ మార్చే యాప్‌ల సంగతేంటి, ఇవి చట్టం రాసేవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు. పోలీసులను, బ్యాంకు వాళ్లను, ఆ తల్లిలాంటి వాళ్లను పిలిచి రెండు వారాలు కూర్చున్నా సరిపోయేది.

సభ జరగకపోవడం గురించి కూడా. కమిటీలో నినాదాలు ఉండవు, టీవీ ఉండదు. తలుపులు వేసి కూర్చుంటారు, అన్ని పార్టీల వాళ్లుంటారు, విప్ (పార్టీ చెప్పినట్టే ఓటు వేయాలన్న ఆదేశం) ఉండదు. 1985లో పార్టీ ఫిరాయింపుల చట్టం వచ్చాక సభలో సభ్యుడు పార్టీ గీసిన గీత దాటలేడు. తన నియోజకవర్గం రైతుకు నష్టమని తెలిసినా విప్ ఉంటే ఓటు వేయాల్సిందే. ఇక సభ్యుడు మనసు విప్పి మాట్లాడగలిగేది కమిటీ గదిలోనే. దాన్ని కూడా దాటేస్తే మన ఎంపీ అక్కడ ఉన్నా లేనట్టే.

కేయూ_క్రాస్‌రోడ్ | సోమవారం, సాయంత్రం 5:45

సార్, నేను గ్రూప్స్‌కు చదువుతున్న. ఈ కమిటీల గురించి చదివినప్పుడు నాకు గర్వంగ అనిపించింది, ఎందుకంటే శాఖల వారీ స్టాండింగ్ కమిటీలు వచ్చింది 1993లో, పీవీ నరసింహారావు గారు ప్రధానిగ ఉన్నప్పుడు. మన వంగర మనిషి. 1977లో, 1980లో మన హనుమకొండ నుంచే లోక్‌సభకు పోయిండు. 1984లో ఇక్కడే జంగారెడ్డి గారి చేతుల ఓడిపోయిండు. ఆయన ప్రభుత్వానికి మెజారిటీ కూడా లేదు మొదట్ల, అయినా ప్రభుత్వాన్ని ప్రశ్నించే 17 కమిటీలు వచ్చినయి. 2004లో 24 అయినయి.

ఇప్పుడు పార్లమెంటు పనితీరును పరిశోధించే పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ లెక్కలు చూడండి. 14వ లోక్‌సభలో 60 శాతం బిల్లులు కమిటీలకు పోయినయి. 15వ దాంట్లో 71 శాతం. 17వ లోక్‌సభకు వచ్చేసరికి 16 శాతం. అదే 17వ లోక్‌సభలో సగానికి పైన, 58 శాతం బిల్లులు పెట్టిన రెండు వారాల లోపల పాసైనయి. 35 శాతం బిల్లుల మీద లోక్‌సభలో గంట కూడా చర్చ జరగలేదు.

2023లో బడ్జెట్‌ల శాఖల ఖర్చులు గూడ చర్చ లేకుండనే పాసైనయి. శాఖల పద్దులన్నీ కలిపి గిలెటిన్ చేసి, అంటే చర్చ లేకుండ, ఒకేసారి ఓటుకు పెట్టిండ్రు. ఏ శాఖకు ఎంత అని ఒక్క శాఖ గురించి గూడ ఆ రోజు మాట్లాడలేదు.

జనగామ_సమాచారం | సోమవారం, రాత్రి 7:20

తమ్మి మంచి లెక్కలు పెట్టినవ్. నాది ఒక్కటే బాధ, చెప్పి పోత. 2023 ఆగస్టు 3న డిజిటల్ వ్యక్తిగత డేటా బిల్లు పెట్టారు. 7న లోక్‌సభ, 9న రాజ్యసభ. అంతకుముందు 2019 నాటి బిల్లు మీద సంయుక్త కమిటీ రెండేళ్లు కూర్చుంది, ఆ బిల్లును 2022లో వాపసు తీసుకున్నారు. కొత్తది మాత్రం ఏ కమిటీకీ పోలేదు. అందులో చివర సెక్షన్ 44 ఉంది. దానిలో మూడో ఉపసెక్షన్ సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. ఇంతకుముందు వ్యక్తిగత సమాచారం అయినా ప్రజాప్రయోజనం ఉంటే అడగొచ్చు, శాసనసభకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదు అని ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, ఆ సెక్షన్ కింద ఇవ్వనక్కర్లేదు.

నేను పదేళ్లుగా ఉపాధి హామీ మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) అడుగుతున్న, పనికి రాని మనుషుల పేరు మీద పైసలు పడ్డయా అని. పేర్లు లేకుండ ఏం తనిఖీ చేయాలె? డేటా చట్టం గురించి చర్చ అంటే అందరూ ఫోన్ల గురించి, కంపెనీల గురించి మాట్లాడుకున్నరు. మా సెక్షన్ పోయిన సంగతి చాలామందికి పాసైనంక తెలిసింది.

ములుగు_అక్క | సోమవారం, రాత్రి 8:35

మస్టర్ రోల్ అన్నారు కాబట్టి ఒక మంచి కథ చెప్తాను, అన్నీ బాధలే అయ్యాయి.

ఉపాధి హామీ బిల్లు 2004 డిసెంబర్‌లో పార్లమెంటుకు వచ్చింది. మొదట దాంట్లో పేదరికపు గీత కింద ఉన్న కుటుంబాలకే పని అని ఉంది. గ్రామీణాభివృద్ధి స్టాండింగ్ కమిటీకి వెళ్లింది. ఊళ్లలో పనిచేసే సంఘాల వాళ్లు తమ మాట చెప్పుకున్నారు. పని అడిగే ప్రతి గ్రామీణ కుటుంబానికీ ఇవ్వాలని కమిటీ చెప్పింది. 2005 ఆగస్టులో చట్టమయ్యేసరికి ఆ గీత పోయింది. 2006 ఫిబ్రవరిలో మొదలైన 200 జిల్లాల్లో మన పాత వరంగల్ జిల్లా ఉంది.

ఆ ఎనిమిది నెలల విలువ నాకు మా ఊళ్లో కనిపించింది. మా పక్కింట్లో ఒకామె భర్త పోయాడు. ఆమెకు తెల్లకార్డు లేదు, పెద్ద కొడుకు పేరు మీద ఎక్కడో కార్డు ఉందని తీసేశారు. పాత బిల్లే ఉండి ఉంటే ఆమెకు జాబ్‌కార్డు వచ్చేది కాదు. ఎండాకాలం చెరువు పూడిక పనికి వెళ్లి ఇద్దరు ఆడపిల్లల ఫీజులు కట్టుకుంది. పెద్దమ్మాయి ఇప్పుడు నర్సు.

రైట్‌రైట్_హసన్‌పర్తి | సోమవారం, రాత్రి 10:50

నాకు రెండు లారీలు ఉన్నయి, ఒకటి నేనే నడుపుత. 2024 జనవరి మొదటి రోజులు యాదికున్నయా? పెట్రోల్ బంకుల కాడ కిలోమీటర్ల లైన్లు. మేము బండ్లు ఆపినం. ఎందుకంటే కొత్త చట్టం ప్రకారం యాక్సిడెంట్ చేసి పోతే పదేండ్ల జైలు అన్నరు. పాత దాంట్ల రెండేండ్లు ఉండె. ఆగితే జనం కొడ్తరు, పోతే పదేండ్లు. మరి డ్రైవర్ ఏం చేయాలె?

సుబేదారి_వకీలు | సోమవారం, రాత్రి 11:15

అన్నా, దీనికి సరైన జవాబు చెప్తాను. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(2) అది. నిర్లక్ష్యంగా నడిపి ఒకరి మరణానికి కారణమై, పోలీసుకో మెజిస్ట్రేటుకో వెంటనే చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు. నువ్వు జనం కొడతారని భయపడి అక్కడ ఆగకుండా నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి చెప్తే ఈ ఉపసెక్షన్ కిందికి రావు. 106(1) వర్తిస్తుంది, అది ఐదేళ్ల వరకు. ఈ తేడా ఆ రోజుల్లో డ్రైవర్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ నేను నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. ఈ సంహితతో పాటు మూడు క్రిమినల్ చట్టాల బిల్లులు 2023 ఆగస్టు 11న వచ్చి హోం శాఖ స్టాండింగ్ కమిటీకి వెళ్లాయి. నవంబర్‌లో నివేదిక వచ్చింది. పాతవి తీసేసి డిసెంబర్ 12న కొత్తవి పెట్టారు, 20న లోక్‌సభ, 21న రాజ్యసభ. ఆ సమావేశాల్లో రెండు సభల నుంచి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండ్ అయ్యారు. కాబట్టి కమిటీకి వెళ్లినంత మాత్రాన సరిపోదు. 1860 నాటి శిక్షాస్మృతిని మార్చే పని మూడు నెలల్లో చూసి, సగం ఖాళీ సభలో ముగించారు. లారీ డ్రైవర్ అక్కడ దాకా చేరలేదు.

సమ్మె మొదలయ్యాక, జనవరి 2న, రవాణా సంఘాలతో మాట్లాడిన తర్వాతే అమలు గురించి నిర్ణయిస్తామని ప్రభుత్వం చెప్పింది. 2024 జులై 1న మిగతా చట్టం అమల్లోకి వచ్చినా 106(2)ని పక్కన పెట్టారు.

రైట్‌రైట్_హసన్‌పర్తి | సోమవారం, రాత్రి 11:22

మీరు ఇప్పుడు చెప్పిన ముక్క, నేరుగా ఠాణాకు పోవచ్చన్నది, ఆనాడు తెలిస్తే మా పిలగాడు డ్రైవింగ్ మానేసి పోయెటోడు కాదు. మంచి డ్రైవర్. పదేండ్లు అని విని వాళ్ల ఇంటోళ్లు వద్దన్నరు.

పరకాల_పత్తి | మంగళవారం, ఉదయం 6:40

ఢిల్లీనే అంటున్నం గని మన అసెంబ్లీ సంగతి గూడ చెప్పుకోవాలె. 2020 సెప్టెంబర్ 9న కొత్త రెవెన్యూ చట్టం బిల్లు పెట్టిండ్రు, 11న అసెంబ్లీ, 14న మండలి. వీఆర్వోలు పోయిండ్రు. 1971 నాటి పాత ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల రికార్డుల) చట్టం పోయింది. అక్టోబర్ 29 నుంచి కొత్తది అమలు, భూముల పోర్టల్ ధరణి మొదలు.

మా అత్తమ్మకు ఎకరం ఇరవై గుంటలు ఉన్నది. ముప్పై ఏండ్ల కింద తెల్ల కాగితం మీద రాయించుకున్నది, సాదాబైనామా. దున్నుకుంటున్నది ఆమెనే, పాసుబుక్కు అమ్మినాయన పేరు మీద. 2020 అక్టోబర్ల సర్కారు మళ్లా అవకాశం ఇచ్చింది, నవంబర్ 10 దాక దరఖాస్తు పెట్టుకోమన్నది. మేము నవంబర్ మొదటి వారం పెట్టినం, మీసేవల లైన్ల నిలబడి.

హైకోర్టు అడిగింది ఏందంటే, సాదాబైనామాను క్రమబద్ధం చేసే అధికారం పాత చట్టంల ఉన్నది, ఆ చట్టం మీరే రద్దు చేసిండ్రు, కొత్త దాంట్ల ఆ సెక్షన్ పెట్టలేదు. మరి అక్టోబర్ 29 తర్వాత వచ్చిన దరఖాస్తులు ఏ చట్టం కింద తీసుకుంటరు? ఆగిపోయింది. మా అత్తమ్మది, లక్షల మందిది.

మూడు రోజులల్ల చట్టం చేస్తే ఒక సెక్షన్ మర్చిపోయిండ్రు. ఆమెకు రైతుబంధు రాలే. బ్యాంకుల పంట రుణం పుట్టలే. ఆఫీసుకు పోతే "పోర్టల్ల ఆప్షన్ లేదమ్మా" అనెటోళ్లు. ఆమెకు పోర్టల్ అంటే ఏందో తెల్వదు. నేను దున్నుతున్న గదా బిడ్డా, వచ్చి చూడుమను అనేది.

ధరణిల కాస్తు గడి (ఎవరు దున్నుతున్నరో రాసేది) తీసేసిండ్రని గూడ అప్పట్ల ఎవరం గట్టిగ అడగలే. నేను గూడ చప్పట్లు కొట్టిన, వీఆర్వో పీడ పోయిందని.

నక్కలగుట్ట | మంగళవారం, మధ్యాహ్నం 1:40

అన్నా, ఇది నాకు నిజంగా తెలియదు. లోన్ కోసం వచ్చిన ఇలాంటి వాళ్లను నేనే తిప్పి పంపాను. పాసుబుక్ లేదంటే మాకు వేరే దారి లేదు. మీ అత్తమ్మగారి పని అయిందా?

పరకాల_పత్తి | మంగళవారం, మధ్యాహ్నం 2:05

2020 చట్టం స్థానంల తెచ్చిన భూభారతి చట్టంల మళ్లా సాదాబైనామా సెక్షన్ పెట్టిండ్రు. ఆ ముసాయిదా 2024 ఆగస్టులనే బయట పెట్టి అభిప్రాయాలు అడిగిండ్రు, అది మంచి పని. డిసెంబర్ల అసెంబ్లీల మాత్రం మళ్లా రెండు రోజులే, 18న పెట్టి 20న పాస్. మాది ఇంకా ఫైల్ల ఉన్నది. అత్తమ్మ పోయిన ఏడాది కాలం చేసింది.

నక్కలగుట్ట | మంగళవారం, మధ్యాహ్నం 2:20

అయ్యో. ఏం చెప్పాలో తెలియడం లేదన్నా.

కేయూ_క్రాస్‌రోడ్ | మంగళవారం, సాయంత్రం 6:30

ఇదంతా చదివినంక ఒకటి అడగాలనిపిస్తుంది. టైమ్ ఇచ్చినా మనం ఎట్ల చదువుతం? పార్లమెంటుల బిల్లు ఇంగ్లీషుల, హిందీల ఉంటది. 2014 ఫిబ్రవరిల కేంద్రమే ఒక విధానం పెట్టుకున్నది, ఏ బిల్లు ముసాయిదా అయినా కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని. అది చట్టం కాదు కాబట్టి చాలాసార్లు పాటించరు. ఒకవేళ పాటించినా, ఎనుమాముల హమాలీ ఆ ముప్పై రోజులల్ల ఏం చదువుతడు? 2020లో పర్యావరణ నోటిఫికేషన్ ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ల ఉన్న 22 భాషలల్లకి అనువాదం చేయమని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. బిల్లులకు గూడ గట్ల ఎందుకు ఉండొద్దు?

సుబేదారి_వకీలు | మంగళవారం, రాత్రి 8:10

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. బిల్లు స్టాండింగ్ కమిటీకి వెళ్తే పత్రికల్లో ప్రకటన ఇస్తారు, సలహాలు పంపమని. సాధారణంగా పదిహేను రోజులు గడువు. ఎవరైనా పంపవచ్చు, సంఘమే కానక్కర్లేదు. ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో నేను ఒక్కటి కూడా పంపలేదు. చట్టం అయ్యాక దాని లోపాల మీద వాదించి ఫీజు తీసుకున్నాను, కాకముందు ఒక ఉత్తరం రాయలేదు. ఈ రెండు రోజులుగా అది నన్ను పట్టి పీడిస్తోంది.

ఇకపై ఏ బిల్లు కమిటీకి వెళ్లినా, మన జిల్లాలకు తగిలేదైతే, ముఖ్యమైన సెక్షన్లు నేను తెలుగులో రాసి ఇక్కడ పెడతాను. గుమాస్తా అన్న యార్డులో చదివి వినిపించాలి. అక్క బడిలో, హసన్‌పర్తి అన్న లారీ అడ్డాలో. వాళ్లు అన్నది అన్నట్టు నాకు పంపితే కమిటీ అడిగే తీరులో ఇంగ్లీషులో రాసి పంపే బాధ్యత నాది.

ఎనుమాముల_గుమాస్తా | మంగళవారం, రాత్రి 8:25

నాకు సమ్మతమే సార్. యార్డుల మధ్యాహ్నం కాంటాలు అయిపోయినంక అందరూ కూసుంటరు, అప్పుడు చదువుత. హమాలీలు మస్తు తెలివైన ప్రశ్నలు అడుగుతరు, మీరు తయారుగ ఉండాలె.

నక్కలగుట్ట | మంగళవారం, రాత్రి 8:40

నేను కూడా వస్తాను. కొన్ని బిల్లులకు వేగం కావాలన్న నా మాట వెనక్కి తీసుకోను. కానీ బ్యాంకింగ్, రుణాల సెక్షన్లు వస్తే నాకు ఇవ్వండి, చదివి మామూలు మాటల్లో రాస్తాను.

నిర్వాహకుడు | మంగళవారం, రాత్రి 9:00

ఈ చర్చను అందరికీ కనపడేలా పైన పిన్ చేస్తున్నాను. మొదటిసారి ముఖాముఖి కూర్చుంటే బాగుంటుంది. ఆదివారం పొద్దున పదింటికి, హనుమకొండ భాషానిలయం దగ్గర కలుద్దామా?

కాజీపేట_జంక్షన్ | మంగళవారం, రాత్రి 9:30

నేనొస్త. పునర్విభజన చట్టం ప్రింటు తీసిన, ఐదు కాపీలు తెస్త.

ఇయ్యాల మా నాయినకు ఆ లైను చదివి, తెలుగుల అర్థం చెప్పిన. రెండోసారి చదువుమన్నడు. చదివిన. ఆదివారం ఆయన గూడ వస్తనన్నడు, మోకాళ్ల నొప్పులున్నయి, మెట్లు ఎక్కువుంటే ముందే చెప్పుండ్రి.

ములుగు_అక్క | మంగళవారం, రాత్రి 9:41

తమ్ముడూ, నాన్నగారిని తీసుకురా. కింద కుర్చీ వేయిస్తాం.